బొగ్గు బాయి బిడ్డ రాసిన పాట

షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి మా బాపు కళ్లకు కాటుక పెట్టినట్టుండేది. స్నానం చేసి, మొహం రెండుసార్లు సబ్బుతో రుద్దుకున్నా రెప్పల అంచున ఆ నల్లగీత పోయేది కాదు. చిన్నప్పుడు అది నిజంగా కాటుకే అనుకునేదాన్ని. రాత్రి అన్నం తిన్నాక అమ్మ ఆయన చేతిలో చిన్న బెల్లం ముక్క పెట్టేది, గొంతులో చిక్కిన బొగ్గు దుమ్ము దిగిపోతుందని. అందులో సగం నాకొచ్చేది. గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైన్‌లో ఏ ఇంటికెళ్లినా ఇదే. అందరిళ్లలో ఉండేదాన్ని పనిగట్టుకుని చెప్పుకోవడమేంటి అనిపించేది.

ఒక్కసారి మాత్రం చెప్పబోయాను. ఏడో తరగతిలో ‘మా నాన్న’ అని వ్యాసం రాయమన్నారు. ‘మా బాపు బొగ్గు బాయిల పనిచేస్తడు’ అని మొదలుపెట్టాను. నోటుబుక్కు తిరిగొచ్చేసరికి ఆ ఒక్క వాక్యంలోనే మూడు ఎర్ర సున్నాలు. బాపు అనకూడదు, నాన్న అనాలి. బాయిల అనకూడదు, గనిలో అనాలి. చేస్తడు తప్పు. పదికి నాలుగు మార్కులు. ఇంట్లో మాట్లాడే మాట వేరు, కాగితం మీద పెట్టే మాట వేరు అని ఆ రోజు నేర్చుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది కూడా అలా నేర్చుకున్న తెలుగులోనే.

చాలా ఏళ్ల తర్వాత, ఆఫీసులో ఒక అమెరికా ప్రాజెక్టు మీద పనిచేస్తున్నాను. ఒక రోజు కాల్‌లోకి మిగతావాళ్లు చేరేలోపు, కెంటకీ నుంచి మాట్లాడే సహోద్యోగి మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగాడు. చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా తాతదీ అదే పని అన్నాడు. ఆ సాయంత్రం చాట్‌లో ‘కోల్ మైనర్స్ డాటర్’ అనే పాట లింకు పంపాడు. రాసి పాడింది లొరెట్టా లిన్, అమెరికా పల్లెల్లో పుట్టిన కంట్రీ సంగీతంలో పేరున్న గాయని. నాకు ఆమె తెలిసింది అలాగే.

ఆ పాట మొదటి వాక్యంలోనే ఒక తప్పు ఉంది. నేను బొగ్గు గని కార్మికుడి కూతురిగా పుట్టాను అనే చోట గ్రామర్ ప్రకారం ‘బోర్న్’ అనాలి. ఆమె ‘బోర్న్‌డ్’ అని పాడుతుంది. ఇంకొంచెం ముందుకెళ్తే, పని చాలా ‘హార్డ్’, రాత్రయ్యేసరికి అలిసిపోయి నిద్రపోయేవాళ్లం అంటుంది. అలిసిపోవడానికి ఇంగ్లిష్‌లో ‘టైర్డ్’ అంటారని మనం చదువుకున్నాం. ఆమె పుట్టిన కెంటకీ కొండల్లో అది ‘టార్డ్’. హార్డ్, టార్డ్. ప్రాస కుదిరింది. ఎవరైనా ఎర్ర సిరా పట్టుకుని ఆ మాటను దిద్దితే ప్రాస అక్కడే చచ్చిపోతుంది. పాట నిలబడిందే ఆ యాస మీద. నేను ఆ చోటు మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి విన్నాను. నా వ్యాసంలో మూడు సున్నాలు పడ్డ చోట ఈమె పాట కట్టింది.

అప్పటి నుంచి ఆమె గురించి దొరికినంత చదివాను, విన్నాను. ఎక్కడ చూసినా ముందు వచ్చేది ఆమె జీవితకథే. కడు పేదరికం, పదిహేనేళ్లకే పెళ్లి, వెంటవెంటనే పిల్లలు, ఆ తర్వాత దేశమంతా పేరు. ఆ కథ గొప్పదే, కాదనను. కానీ ఆ కథ ఆమెలోని రచయితను మింగేసిందని నా బాధ. కంట్రీ గాయకుడు, పాటల రచయిత హ్యాంక్ విలియమ్స్ కూడా పేదింట్లోనే పుట్టాడు, ఆయనకూ పెద్ద చదువు లేదు. ఆయనను మాత్రం ‘కొండవాళ్ల షేక్‌స్పియర్’ అన్నారు. లొరెట్టాకు ‘గని కార్మికుడి కూతురు’ అన్నదే బిరుదైపోయింది. మగవాడికి కవి అనే పేరు, ఆడమనిషికి ఫలానావాడి కూతురు అనే పేరు. ఆ బిరుదు కూడా ఆమె స్వయంగా రాసిన పాటలోనిదేనన్న సంగతి చాలామంది మర్చిపోతారు.

తెలియనివాళ్ల కోసం ఆ కథ ముందు చెప్పేస్తాను. 1932 ఏప్రిల్ 14న కెంటకీ తూర్పు కొండల్లో బుచర్ హాలో అనే చోట లొరెట్టా వెబ్ పుట్టింది. హాలో అంటే రెండు కొండల మధ్య ఇరుకు లోయ. అక్కడివాళ్ల నోట అది హాలర్. తండ్రి టెడ్ వెబ్ దగ్గర్లోనే ఉన్న వ్యాన్ లియర్ గనిలో పనిచేసేవాడు. ఎనిమిది మంది పిల్లల్లో ఈమె రెండోది. 1948 జనవరిలో, పదహారు నిండకముందే, సైన్యం నుంచి తిరిగొచ్చిన ఆలివర్ లిన్‌తో పెళ్లయింది. అతన్ని అందరూ డూలిటిల్ అని, ముద్దుగా డూ అని పిలిచేవాళ్లు. పెళ్లైన కొన్నాళ్లకే ఇద్దరూ దేశానికి ఆ చివర ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో కస్టర్ అనే ఊరికి బతకడానికి పోయారు. అతను అడవుల్లో చెట్లు కొట్టే పనికి వెళ్లేవాడు. ఆమె పరాయి ఇంట్లో పనిచేసేది, తోటల్లో స్ట్రాబెర్రీలు కోసేది. ఇరవై దాటీదాటకముందే నలుగురు పిల్లలు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు, కవలలు, 1964లో పుట్టారు.

ఇంట్లో పని చేసుకుంటూ ఆమె పాడుకునే పాటలు డూ వినేవాడు. 1953లో 17 డాలర్లు పెట్టి ఒక హార్మొనీ గిటార్ కొనిచ్చాడు. ఆమె సొంతంగానే నేర్చుకుంది. 1960లో జీరో రికార్డ్స్ అనే చిన్న కంపెనీకి, తనే రాసిన పాటతో మొదటి రికార్డు చేసింది. ఆ రికార్డులు కారులో వేసుకుని మొగుడూ పెళ్లాలు ఊరూరా రేడియో స్టేషన్ల గుమ్మాలు ఎక్కారు, మా పాట వేయండి అని అడుగుతూ. ఆ తిరుగుడు ఊరికే పోలేదు. కంట్రీ పాటల ఆదరణను లెక్కగట్టే చార్టులో ఆ పాట 14వ స్థానం దాకా వెళ్లింది. అదే ఏడాది నాష్‌విల్‌లోని గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక మీద ఆమె పాడింది. కంట్రీ సంగీతంలో ఆ వేదిక ఎక్కడమంటే మనవాళ్లు త్యాగరాజ ఆరాధనలో పాడటం లాంటిది. టెడ్ వెబ్ మాత్రం ఇవేవీ చూడలేదు. ఉన్న పని పోయి, కుటుంబంతో ఇండియానాకు వలసపోయి, 1959లోనే చనిపోయాడు. కూతురి గొంతు ఒక్క రికార్డులో కూడా ఆయన వినలేదు.

ఆమె వయసు గురించి ఒక మాట. పెళ్లినాటికి తనకు పదమూడేళ్లని చాలాకాలం అందరూ రాశారు, ఆమె ఆత్మకథలోనూ అలాగే ఉంది. 2012లో పుట్టిన తేదీ పత్రాలు బయటపడ్డాక పదిహేనేళ్లని తేలింది. పదిహేనైనా ఆ పిల్ల పిల్లే. నాకు ఇందులో తోచేది వేరే. జనానికి కథ ఎంత కావాల్సి వచ్చిందంటే, ఇన్ని దశాబ్దాలు ఎవరూ ఒక కాగితం తీసి చూడలేదు. కథ మీద అంత మోజు. పాటల మీద ఆ శ్రద్ధలో సగం పెట్టి ఉంటే బాగుండేది.

ఇక పాటల దగ్గరికి వస్తాను. ఆమె ఏం చేసిందో తెలియాలంటే ఆమెకు ముందు ఏముండేదో తెలియాలి. 1952లో కిట్టీ వెల్స్ అనే గాయని పాడిన ఒక పాట బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది. ఒక గాయని ఒంటరిగా పాడిన పాట అక్కడికి చేరడం అదే మొదలు. మగాడు పాడిన ఒక పాటకు అది ఆడదాని జవాబు. దారి తప్పిన ఆడవాళ్లను దేవుడు తయారు చేయలేదు, పెళ్లాలున్న సంగతి మర్చిపోయి తిరిగే మగాళ్లు తయారు చేశారు అంటుంది. ఆ రోజుల్లో దాన్ని రేడియోలో ఆపేసినవాళ్లు కూడా ఉన్నారు. అంత ఘాటైన జవాబు. కానీ దాన్ని రాసింది జె.డి. మిల్లర్ అనే మగాయన. ఆడదాని జవాబు కూడా మగవాడే రాసివ్వాల్సిన రోజులు. కిట్టీ వెల్స్ అంటే లొరెట్టాకు ప్రాణం. ఆమె పాటలు వింటూనే పాడటం నేర్చుకుంది. ఆ తర్వాతి అడుగు మాత్రం తనే వేసింది. జవాబు తనే రాసుకుంది.

ఆ జవాబుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 1966 నాటిది. దాని పుట్టుక గురించి ఆమె చాలాసార్లు చెప్పింది. ఒక కచేరీకి ముందు ఒకామె ఆమె దగ్గరికి ఏడుస్తూ వచ్చింది. నా మొగుడు ఇంకో ఆవిడను వెంటేసుకుని వచ్చాడు, ముందు వరసలోనే కూర్చున్నారు అని. లొరెట్టా తెర పక్కనుంచి తొంగి చూసింది. ఆ వచ్చినామెను చూసి, నీ మొగుణ్ని ఎత్తుకుపోయేంత ఆడతనం దానికెక్కడిది అంది. అన్నాక, అన్న ఆ మాటే పాట అని ఆమెకు తట్టింది. వెంటనే డ్రెస్సింగ్ రూములో కూర్చుని రాసేసింది.

పాట ఎవరితో మాట్లాడుతుందో చూడండి. దేవుడితో మొర కాదు, మొగుడితో బతిమాలడం కాదు. ఎదురుగా నిలబడ్డ రెండో ఆమెతో నేరుగా తగువు. మా లైన్‌లో పొద్దున ఆరింటికి నల్లా దగ్గర బిందెల వరసలో విన్న మాటల తీరు సరిగ్గా ఇదే. ‘నువ్వెంత, నీ బతుకెంత’ అని మొదలయ్యే ఆ మాటల్లో ఒక లయ ఉంటుంది. ఒక మాట ఎత్తుకుంటే దానికి సరిపడా మాట అవతలి నుంచి రావాలి, లేకపోతే ఓడిపోయినట్టే. నల్లా కాడి కొట్లాటలో కవిత్వం ఉందని నాకు ఏ తెలుగు వాచకమూ చెప్పలేదు. కెంటకీ ఆమె చెప్పింది. 1968లో ఇంకో అడుగు ముందుకేసి, నా మొగుడి జోలికొస్తే నా పిడికిలి ఊరు చూస్తావు అని పిడికిలికే ఒక ఊరి పేరు పెట్టి పాట రాసింది. అదీ మొదటి స్థానానికి వెళ్లింది.

అంతకు ముందు, 1967 మొదట్లో, ఆమెకు మొట్టమొదటి నంబర్ వన్ పాట వచ్చింది. చెల్లెలు పెగ్గీ స్యూతో కలిసి రాసింది. తాగొచ్చి, మనసులో ప్రేమ పెట్టుకుని మంచం ఎక్కుదామనుకోకు అని మొగుడికి చెప్పే పాట. ఎంత సూటి మాట! జీతాల రోజు రాత్రి మా లైన్‌లో తలుపుల వెనక నుంచి ఇదే మాట వినబడేది, గొంతు తగ్గించి. ఆ గొంతు తగ్గించిన మాటను ఈమె మైకు ముందు పూర్తి గొంతుతో పాడింది. డూ తాగేవాడు, తిరిగేవాడు. అవన్నీ ఆమె దాచలేదు, పాటల్లో ఉన్నాయి. మరి ఆయనతోనే 1996లో ఆయన చనిపోయేదాకా ఎందుకు కాపురం చేసిందని కొందరు ఆమెను తప్పుపడతారు. ఆమె పాటల్లో తిరుగుబాటు అబద్ధమని కూడా అంటారు. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. ఇల్లు వదిలి వెళ్లగలిగినవాళ్లకే కోపం రాసే హక్కుంటే, మన ఊళ్లలో ఆడవాళ్లు పాడుకున్న దంపుళ్ల పాటలూ తిరగలి పాటలూ ఎవరు పాడినట్టు? ఉన్న చోటే ఉండి, ఉన్నదున్నట్టు చెప్పడం చిన్న ధైర్యమేమీ కాదు. ఫెమినిస్టు అనే ముద్ర ఆమె పెద్దగా కోరుకోలేదు. ఆమెకు ముద్ర అక్కర్లేదు కూడా.

వియత్నాం యుద్ధం నడుస్తుండగా, 1966లో, సైనికుడి భార్య ప్రభుత్వానికి రాసే ఉత్తరంగా ఆమె రాసిన పాట ఒకటి వచ్చింది. యుద్ధం మంచిదా చెడ్డదా అన్న చర్చ అందులో లేదు. నా మొగుడు నాకు కావాలి అంతే. చివర్లో టెలిగ్రామ్ వస్తుంది. 1972లో విడాకులు తీసుకున్న ఆడదాన్ని ఊరు ఎలా చూస్తుందో రాసింది. మొన్నటిదాకా వదినా అని పిలిచినవాళ్లే ఇప్పుడు వేరే చూపు చూస్తారని. అదీ నంబర్ వన్ అయింది. ఒకామె పాట అయ్యాక వెంటనే ఇంకొక ఆమె పాట వేయకూడదని రేడియోలవాళ్లు లెక్కలు వేసుకునే కాలంలో ఇవన్నీ జరిగాయి.

గర్భనిరోధక మాత్ర మీద ఆమె పాడిన పాట సంగతి చెప్పకుండా ఉండలేను. ఇది ఆమె రాసింది కాదు, లోరీన్ ఆలెన్, డాన్ మెక్‌హాన్, టి.డి. బేలెస్ రాశారు. 1972లోనే రికార్డు చేసినా కంపెనీ భయపడి మూడేళ్లు బీరువాలో పెట్టింది. 1975లో బయటికొస్తే చాలా రేడియో స్టేషన్లు దాన్ని వేసేది లేదన్నాయి. అయినా కంట్రీ చార్టులో 5వ స్థానం దాకా వెళ్లింది. ఏటా ఒక కాన్పుతో అలిసిపోయిన పెళ్లాం, ఇక నుంచి నా ఒళ్లు నా లెక్క అని మొగుడికి చెప్పే పాట. పల్లెటూళ్ల డాక్టర్లు తనతో, మేం ఎన్ని కరపత్రాలు పంచినా రాని మార్పు ఈ పాటతో వచ్చిందని అన్నట్టు ఆమె ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. నాకు నమ్మశక్యంగానే ఉంది. కరపత్రం చదవాలంటే చదువు రావాలి, పాటకు చెవులుంటే చాలు.

ఇప్పుడు మొదట చెప్పిన ఆ పాటకు తిరిగొస్తాను. 1969 అక్టోబర్ 1న రికార్డు చేశారు. ఆ ఏడాది అమెరికా బొగ్గు ప్రాంతాల్లో ఏం జరుగుతోందో గుర్తుంచుకోవాలి. అంతకు ముందు ఏడాది నవంబర్‌లో వెస్ట్ వర్జీనియాలోని ఫార్మింగ్‌టన్ గనిలో పేలుడు జరిగి 78 మంది చనిపోయారు. 1969 ఫిబ్రవరిలో ఊపిరితిత్తుల్లో బొగ్గు చేరే జబ్బుకు పరిహారం కావాలని ఆ రాష్ట్రంలో వేలమంది కార్మికులు పని ఆపేశారు. ఆ డిసెంబర్‌లో దేశవ్యాప్తంగా గనుల భద్రతా చట్టం వచ్చింది. టెడ్ వెబ్‌కూ ఆ దుమ్ము జబ్బు ఉండేది. ఇంత జరుగుతున్నప్పుడు గని మీద పాటంటే చావు పాటే రాస్తారని అనుకుంటాం.

ఆమె అలా రాయలేదు. నాన్న రాత్రంతా గనిలో, పగలంతా మొక్కజొన్న చేలో. అమ్మ రాత్రిళ్లు పసిపిల్లను ఊపుతూ కిరోసిన్ దీపం వెలుగులో బైబిల్ చదివేది. బట్టలు ఉతికే రేకు మీద రుద్ది రుద్ది అమ్మ వేళ్లు నెత్తురు కారేవి. ఎండాకాలం కాళ్లకు చెప్పుల్లేవు. చలికాలానికి మాత్రం పందిని అమ్మిన డబ్బుతో, కేటలాగు చూసి తెప్పించిన కొత్త బూట్లు. ఇవన్నీ ఆ పాటలో ఉన్నవే. వీటిలో ఎక్కడా ‘కష్టాలు’ అని సాగదీయడం లేదు. పంది, బూట్లు, దీపం, రేకు. వస్తువులు పేర్చుకుంటూ పోయింది, బాధ దానంతటదే వచ్చి కూర్చుంది. అమ్మ వేళ్ల నెత్తురు గురించి చెప్పి, ఆ వెంటనే అమ్మ నవ్వు గురించి చెప్తుంది, పిల్లల కష్టం తెలిసిన అమ్మ నవ్వు. ఆ రెండూ పక్కపక్కన పెట్టడానికి ఎంత అదుపు కావాలో రాసేవాళ్లకు తెలుసు. చివరికి ఆమె పుట్టినింటికి తిరిగి వెళ్తుంది. అక్కడ నేల తప్ప మిగిలింది పెద్దగా లేదు, జ్ఞాపకాలు తప్ప అక్కడ ఎవరూ బతకడం లేదు.

పాట 1970 డిసెంబర్‌లో నంబర్ వన్ అయింది. అదే నెల 30న కెంటకీలోనే హైడెన్ దగ్గర గనిలో పేలుడు జరిగి 38 మంది చనిపోయారు. ఆ కుటుంబాల కోసం ఆమె లూయీవిల్‌లో సహాయ కచేరీ చేసింది. రేడియోలో ఆ పాట మోగుతూ ఉండగానే ఆ ఇళ్లలో శవాలు వచ్చి ఉంటాయి. ఈ సంగతి చదివిన రోజు నేను రాత్రి నిద్రపోలేదు. మా దగ్గర సైరన్ వేళ కాని వేళ మోగితే ఆడవాళ్లు పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి బాయి వైపు పరుగెత్తేవాళ్లు. అమ్మ చెయ్యి పట్టుకుని నేనూ ఒకసారి పరుగెత్తాను. ఆ రోజు బాపు నడుచుకుంటూ వచ్చాడు.

నాష్‌విల్‌లో ఆమెకు దొరికిన మనుషుల్లో మంచివాళ్లున్నారు. అప్పటికే పేరున్న గాయని ప్యాట్సీ క్లైన్ 1961లో కారు ప్రమాదంలో గాయపడి ఆసుపత్రిలో ఉన్నప్పుడు లొరెట్టా రేడియోలో ఆమె పాటే ఆమెకు అంకితం ఇచ్చి పాడింది. ఎవరీ అమ్మాయి, తీసుకురమ్మని క్లైన్ భర్తను పంపింది. అక్కడ మొదలైన స్నేహం 1963 మార్చి 5న క్లైన్ విమాన ప్రమాదంలో పోయేదాకా నడిచింది. కొత్తగా వచ్చిన పిల్లకు తన బట్టలిచ్చింది, ఈ ఊళ్లో ఎలా నెగ్గుకురావాలో చెప్పింది. ప్రొడ్యూసర్ ఓవెన్ బ్రాడ్లీ ఆమె గొంతును పాడుచేయకుండా ఆ పాటలన్నీ రికార్డు చేశాడు.

కానీ ఒప్పందాలు కూడా ఉన్నాయి. తొలి రోజుల్లో ఆమె కంట్రీ గాయకులైన విల్‌బర్న్ సోదరుల చేతిలో తన పాటల పబ్లిషింగ్, అంటే వాటి హక్కులు, పెట్టింది. ఇది ఎంత పెద్ద విషయమో చెప్పాలి. అమెరికాలో మామూలు రేడియోలో పాట మోగితే పాడినవాళ్లకు ఏమీ రాదు. రాసినవాళ్లకు ఒక వాటా, పబ్లిషర్‌కు ఒక వాటా వెళ్తుంది. అంటే పబ్లిషింగ్ పోయిందంటే సగం పంట పోయినట్టే, ఆ పాట బతికున్నంత కాలం. 1970ల మొదట్లో వాళ్ల నుంచి బయటికొచ్చాక ఆ హక్కుల కోసం ఆమె ఏళ్ల తరబడి పోరాడింది. దక్కలేదు. తను రాసే కొత్త పాటలు కూడా ఆ ఒప్పందంలోకే వెళ్తాయన్న చిక్కుతో రాయడమే బాగా తగ్గించేసింది.

ఆమె కెరీర్‌లో నన్ను అన్నిటికన్నా కుదిపేసింది ఇదే. 1972లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆమెకు ఆ ఏటి మేటి కళాకారులకిచ్చే పురస్కారం ఇచ్చింది, ఆ పురస్కారం ఒక ఆడమనిషికి రావడం అదే మొదటిసారి. 1976లో ఆత్మకథ, 1980లో దాని మీద సినిమా, అందులో ఆమెగా వేసిన సిసీ స్పేసెక్‌కు ఆస్కార్. పేరు ఆకాశమంత పెరిగిపోతున్న ఆ ఏళ్లలోనే ఆమె కలం ఆగిపోయింది. అందరూ కథ చూస్తున్నారు, రాసే మనిషి రాయడం మానేసిందని ఎంతమంది గమనించారు? ఒక మగ రచయిత నలభైల్లో, ఇంకా ఎంతో రాయగలిగిన వయసులో, కలం కింద పెడితే దాని మీద పుస్తకాలే వచ్చేవి.

2004లో జాక్ వైట్ అనే రాక్ సంగీతకారుడు ఆమెతో ఒక ఆల్బమ్ చేశాడు. ఆయనకప్పుడు 28 ఏళ్లు, ఆమెకు 72. ఆ ఆల్బమ్‌లో ఆయన చేసిన మంచి పని ఏంటంటే ఆమె రాసిన పాటలే పెట్టించాడు. 13 పాటలు, అన్నిట్లోనూ ఆమె కలం ఉంది. ఆల్బమ్ పేరులో ఆ గని ఊరు వ్యాన్ లియర్ ఉంది. ఆ గని ఊళ్లో అందరి కళ్లూ పడ్డ అందగత్తె, ఆమెను గెలుచుకున్న ఒక పేద కార్మికుడు, అంటే తన అమ్మానాన్నల కథ, మొదటి పాట. ఆ ఆల్బమ్‌కు రెండు గ్రామీలు వచ్చాయి. మిగతా గౌరవాలన్నీ వరసగా చెప్పను. 2013లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకుంది. 2017లో పక్షవాతం వచ్చాక కూడా పాటలు ఆపలేదు, 2021లో ఇంకో ఆల్బమ్ తెచ్చింది. 2022 అక్టోబర్ 4న టెనెసీలోని హరికేన్ మిల్స్‌లో, తన ఇంట్లోనే, నిద్రలో పోయింది. తొంభై ఏళ్లు.

ఒక్క సంగతి మిగిలింది. ఆ గని పాటను ఆమె మొదట రాసినప్పుడు ఇంకా చాలా పొడుగ్గా ఉండేదట. ఇంత పొడుగు పాట రేడియోలో వేయరని ఓవెన్ బ్రాడ్లీ కొన్ని చరణాలు తీసేయమన్నాడు. ఏవి తీయాలో తెలియక ఆమె చాలా బాధపడింది. చివరికి తీసేసింది. ఆ చరణాలు మళ్లీ దొరకలేదు.

మొన్న దసరాకు ఖనికి వెళ్లినప్పుడు బాపుకు, అమ్మకు ఆ పాట వినిపించాను. బాపుకు ఇప్పుడు దమ్ము, మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంటాడు. ఒక్కో వాక్యం ఆపి, మా మాటలో చెప్పాను. రాత్రంతా బాయిల, పొద్దంతా మక్క చేన్ల అన్న చోట బాపు చెయ్యెత్తి ఆపమన్నాడు.

“నైట్ షిఫ్టేనా?”

“నైట్ షిఫ్టే బాపు.”

“మరి నిద్రెప్పుడు పోయిండు బిడ్డా?”

పాటలో తల్లి వేళ్ల నెత్తురు వచ్చేదాకా అమ్మ ఏమీ అనలేదు. అప్పుడు కూడా ఊ కొట్టి ఊరుకుంది. తీసేసిన చరణాల సంగతి చెప్పాక మాత్రం చాటలో బియ్యం ఏరుతున్నదల్లా ఆగి నా వైపు తిరిగింది.

“రాసుకున్న కాయితం గూడ లేదా?”

“లేదమ్మా.”

“గట్లెట్ల పారేస్తరే.” కాసేపటికి మళ్లీ తనే అంది. “మీ బాపు బట్టలు మూడు మాట్లు జాడిచ్చినా నీళ్లు నల్లగనే వచ్చేటియి. గది రాసిందా?”

లేదన్నాను. ఫోన్ తీసి, అమ్మ ఎలా అంటుందో అలాగే, ఒక్క అక్షరం దిద్దకుండా టైప్ చేయడం మొదలుపెట్టాను. అమ్మ చూడలేదు, బియ్యం ఏరుకుంటూనే చెప్పింది.

“నాలుగో బకెట్ కాడ తేట నీళ్లొచ్చేటియి. గప్పుడు ఆరేసేదాన్ని. ఎండకాలం నల్లా రానినాడు మూడు బకెట్లతోనే సరిపెట్టేది. ఆ అంగీ తొడుక్కున్ననాడు మీ బాపు మెడ పొంటి నల్లగీత పడేది, పొద్దున బాయి దిగకముందే.”